సిమెంటు పాయింటింగ్ కింద పెచ్చులూడిన ఇటుక: కాకినాడలో ఒక పాత గోడ మరమ్మతు

కాకినాడ జగన్నాథపురంలో ఉప్పుటేరుకు దగ్గరగా ఉన్న ఒక పాత మేడకు దక్షిణపు గోడ పాడవుతున్నదని, మళ్లీ పాయింటింగ్ (ఇటుకల మధ్య జాయింట్లను పైనుంచి మాలుతో నింపడం) చేయించాలని ఇంటివారు నన్ను పిలిపించారు. గోడ పొడవు దాదాపు నలభై అడుగులు, మందం పద్దెనిమిది అంగుళాలు. బయటివైపు పూత లేకుండా ఇటుకలు కనబడేట్టు, ఒక వరసలో ఇటుకల పొడుగు ముఖం, తర్వాతి వరసలో పొట్టి ముఖం వచ్చేలా పేర్చే ఇంగ్లీషు బాండ్‌లో కట్టారు. లోపలి కట్టుబడి అంతా సున్నపు గారే. పైకప్పు టేకు దూలాల మీద నిలిపిన మద్రాసు టెర్రస్, అంటే దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నపు కాంక్రీటు వేసిన పాతకాలపు మిద్దె. సుమారు పదిహేనేళ్ల కిందట జాయింట్లలోని సున్నం పొడిగా రాలుతున్నదని గమనించి, పైపైన గీకించి, 1:3 పాళ్ల (ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక) సిమెంటు మాలుతో జాయింట్లన్నీ నింపించారు. ఇప్పుడు ఆ సిమెంటు చెక్కుచెదరకుండా ఉంది, ఇటుకలే పోతున్నాయి.

గోడ దగ్గరికి వెళ్లి చూస్తే విషయం స్పష్టంగా తెలిసేది. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు ఇటుక ముఖాలు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా లోపలికి అరిగిపోయి, సిమెంటు గీతలు మాత్రం ముందుకు పొడుచుకొచ్చి, గోడంతా గళ్ల చట్రంలా కనబడింది. అరిగిన ఇటుకను వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతుంది, ఆ పొడిలో తెల్లటి సన్నని సూదుల్లాంటి ఉప్పు మెరుస్తుంది. ఒకచోట సిమెంటు పట్టీని ఉలితో లేపితే అది పావు అంగుళం మందాన పలకలాగా ఊడివచ్చింది. దాని వెనక పాత సున్నపు గార తడిసి, మెత్తని పేస్టులా, చల్లగా చేతికి తగిలింది. వానలు వెనకబట్టి అప్పటికే చాలా రోజులైంది. ఆ తడి ఎక్కడి నుంచి వస్తున్నదో, బయటికి ఎందుకు పోలేకపోతున్నదో తేల్చుకోకుండా జాయింట్లను ముట్టుకోకూడదని ఇంటివారికి ముందే చెప్పాను.

సున్నపు గారతో కట్టిన గోడలో నేల చెమ్మ గానీ వాన నీరు గానీ చేరినప్పుడు అది జాయింట్ల గుండానే ఎక్కువగా ఆరుతుంది, ఎందుకంటే ఆ గార ఇటుక కన్నా మెత్తన, నీటిని సులభంగా ఇస్తుంది. నీటితోపాటు వచ్చే లవణాలు కూడా జాయింటు ముఖం మీదే గడ్డకట్టి, కొన్నేళ్లకు అక్కడి సున్నాన్ని పొడి చేస్తాయి. అంటే జాయింటు అరిగిపోవడం గోడకు వచ్చిన జబ్బు కాకపోవచ్చు. ఇటుకను కాపాడటానికి అరగవలసిన భాగం అరిగింది, దాన్ని కొత్తగా నింపాలి, అంతే. ఆ దారిని సిమెంటుతో మూసేసినప్పుడు నీరు ఇటుక ముఖం నుంచి బయటికి రావలసి వస్తుంది, లవణాలు ఇటుక చర్మం కిందనే స్ఫటికాలు కట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడగొడతాయి. సముద్రతీరంలో ఇది మరింత వేగంగా జరగడానికి కారణం మామూలు ఉప్పు స్వభావంలోనే ఉంది: గాలిలో సాపేక్ష తేమ దాదాపు 75 శాతం దాటగానే సోడియం క్లోరైడ్ గాలిలోని నీటిని పీల్చి కరిగిపోతుంది, అంతకన్నా తగ్గితే మళ్లీ స్ఫటికమవుతుంది. కాకినాడలో రాత్రి, తెల్లవారుజామున తేమ ఆ గీతకు పైన ఉండి, పొడిగాలి వీచే మధ్యాహ్నం కిందికి దిగే రోజులు ఏడాదిలో ఎన్నో. వాన చుక్క పడకపోయినా గోడలోని ఉప్పు అలా కరుగుతూ, గడ్డకడుతూ ఇటుకను లోపలి నుంచి పగలగొడుతూనే ఉంటుంది.

బలం లెక్క కూడా ఇందులో ఉంది. ఇటుకలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1077లో అన్నిటికన్నా కింది తరగతి ఇటుకకు ఉండవలసిన బలం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు. ఈ గోడలోని పాత నాటు ఇటుక అంతకన్నా గొప్పగా లేదు. 1:3 సిమెంటు మాలుకు 10 న్యూటన్లకు మించిన బలం సులభంగా వస్తుంది. గోడ ఎండకు పెరిగి, చలికి తగ్గి, పునాది కొద్దిగా కుంగి సర్దుకున్నప్పుడు సున్నపు జాయింటు ఆ కదలికను తనలో ఇముడ్చుకుంటుంది. గట్టి సిమెంటు పట్టీ మాత్రం ఆ ఒత్తిడినంతా ఇటుక అంచుల మీదికి నెడుతుంది. ఈ గోడలో పై వరసల్లో, చెమ్మ చేరని చోట కూడా, ఇటుక అంచులు చిట్లి ఉండటానికి కారణం అదే.

నీటి దారి వెతకడానికి గోడ మీద వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు లోతుల్లో సన్నని డ్రిల్లుతో పొడి తీసి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాము. చెమ్మ నేల దగ్గర అత్యధికంగా ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతూ నాలుగడుగుల దగ్గర దాదాపు ఆగిపోయింది. ఇది నేల నుంచి ఎక్కే చెమ్మ లక్షణం. అయితే గోడ తూర్పు కొసన, పిట్టగోడ కింద, మధ్యలో పొడిగా ఉన్న భాగాన్ని వదిలేసి మరో తడి మచ్చ విడిగా కనబడింది. దాని పైన టెర్రస్ నీరు దిగే తూము గొట్టం పగిలి, వాన పడ్డప్పుడల్లా నీరు గోడలోకి దిగుతున్నది. నేల చెమ్మకు మూలం కూడా దూరంలో లేదు: ఏళ్ల తరబడి రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరుగుతూ వచ్చింది, ఇంటి పక్క సందుకు కాంక్రీటు గచ్చు వేసి దాన్ని గోడకు ఆనించారు. అందువల్ల గోడ అడుగు వరసలు నేలలోకి పోయాయి, గచ్చు కింద చిక్కిన నీటికి పైకి లేచే దారి గోడ ఒక్కటే అయింది.

కనుక మొదటి పని గచ్చుతో మొదలైంది. గోడ పొడవునా అడుగున్నర వెడల్పున కాంక్రీటు పగలగొట్టి, పాత అరుగు మట్టం కనబడే దాకా మట్టి తీసి, నీరు గోడకు దూరంగా పారేట్టు వాలు పెట్టి కంకర నింపిన కాలువ వేశాము. పగిలిన తూము గొట్టం మార్చి, నీరు గోడకు దూరంగా పడేట్టు చేశాము. లోపలివైపు నాలుగడుగుల ఎత్తు వరకు ఉన్న సిమెంటు పూతను, దాని మీద వేసిన ఎనామిల్ పెయింటును కూడా ఒలిపించాము, ఎందుకంటే ఒకవైపు మూసి ఉంచి రెండోవైపు మాత్రమే తెరిస్తే ఉప్పంతా తెరిచిన వైపుకే పరుగెడుతుంది. ఈ పనులు ముగించి గోడను ఒక వేసవి అలాగే వదిలేశాము. ఇంటాయనకు ఆ ఆలస్యం రుచించలేదు. "జాయింట్లు నింపడానికి పిలిస్తే గోడను ఒలిచి వెళ్లిపోతున్నారేమిటి బాబూ" అన్నారు. కానీ తడి గోడకు వేసిన కొత్త గార ఎంత మంచిదైనా ఆ ఉప్పుకే ఆహారమవుతుంది.

ఈలోగా పాత గార ఏమిటో తేల్చుకున్నాము. గోడ లోపలి నుంచి, సిమెంటు తగలని చోట తీసిన ముక్కను పొడి చేసి పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం నురగ కక్కుతూ కరిగి, గ్లాసు అడుగున ఇసుక, దాంతోపాటు ఎర్రటి మెత్తని పొడి మిగిలాయి. ఆ ఎర్రపొడి సుర్కీ, అంటే తక్కువ వేడిలో కాల్చిన మట్టిని లేదా ఇటుకను దంచిన పొడి. యాసిడ్‌లో వేయకముందే భూతద్దంతో చూస్తే గారలో తెల్లటి గవ్వ ముక్కలు కనబడ్డాయి. ఈ తీరంలో గుల్ల సున్నం (గవ్వలు, గుల్లలు కాల్చి చేసే సున్నం) వాడుక మామూలే కనుక అవి సరిగా కాలని గుల్లలు కావచ్చు, ఇసుకతో వచ్చినవీ కావచ్చు. అయితే గవ్వ కూడా యాసిడ్‌లో సున్నంలాగే కరిగిపోతుంది కనుక, కరిగిన బరువునంతా సున్నం ఖాతాలో వేస్తే పాళ్ల లెక్క తప్పుతుంది. ఈ పరీక్ష చేయించుకునేవాళ్లు ప్రయోగశాలకు ఈ సంగతి ముందే చెప్పాలి. మిగిలిన ఇసుకను జల్లెడ పట్టి, దాని రంగు, రేణువుల పరిమాణం చూసి, దానికి దగ్గరగా వచ్చే గోదావరి ఇసుకను ఎంచుకున్నాము.

పాళ్లు నిర్ణయించడానికి నేను ఎప్పుడూ చేసే చిన్న పరీక్ష ఒకటి ఉంది. పూర్తిగా ఎండిన ఇసుకను ఒక గ్లాసు నిండా తలకొట్టి పోసి, మరో కొలగ్లాసుతో నీళ్లు మెల్లగా పోస్తూ ఇసుక మీదికి నీరు తేలే వరకు ఎంత పట్టిందో చూడాలి. ఆ నీరు రేణువుల మధ్య ఖాళీ ఎంతో చెబుతుంది, ఆ ఖాళీని నింపేంత సున్నం ఉంటే చాలు. సైజులు చక్కగా కలిసిన ఇసుకలో ఇది దాదాపు మూడోవంతు ఉంటుంది, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక అన్న పాత లెక్కకు మూలం ఇదే. అంతకన్నా సున్నం ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని బీటలిస్తుంది, తక్కువైతే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఇక్కడ పై భాగానికి ఒక పాలు సున్నపు ముద్ద, మూడు పాళ్ల ఇసుక తీసుకున్నాము. నేలకు దగ్గరగా నాలుగడుగుల వరకు ఒక పాలు సున్నం, అర పాలు సుర్కీ, రెండు పాళ్ల ఇసుక. సుర్కీ సున్నంతో కలిసి చెమ్మలో కూడా గట్టిపడుతుంది కనుక గాలి తక్కువ తగిలే అడుగు వరసలకు అది అవసరం. సుర్కీ కొనేటప్పుడు జాగ్రత్త పడాలి: బాగా కాలి నల్లబడ్డ ఇటుకను దంచితే వచ్చేది ఎర్ర ఇసుక మాత్రమే, దానికి సున్నంతో కలిసి గట్టిపడే గుణం ఉండదు. ఇటువంటి కాల్చిన మట్టి పొడికి ఐఎస్ 1344 అనే ప్రమాణం ఉంది.

సున్నం కోసం రాతి సున్నపు గడ్డలను నీటిలో తడిపించి, సన్నని జల్లెడలో వడగట్టి, పైన నీరు నిలిచి ఉండేట్టు తొట్టెలో నెలల తరబడి నానబెట్టాము. ఆలస్యంగా తడిసే గడ్డ ఒక్కటి మాలులో మిగిలినా అది జాయింటులోనే ఉబ్బి, ఇటుక అంచును తోస్తుంది. మాలు కలపడానికి, గోడ తడపడానికి ఆ ఇంటి బోరు నీళ్లు వాడలేదు. ఉప్పుటేరు పక్కన బోరు నీళ్లు ఉప్పగా ఉండటం ఆశ్చర్యం కాదు, ఆ నీటితో క్యూరింగ్ చేస్తే, అంటే మాలు గట్టిపడేదాకా తడుపుతూ ఉంటే, ఒక చేత్తో తీసిన ఉప్పును మరో చేత్తో గోడకు పోసినట్టే అవుతుంది. ఉప్పు ఉన్న నీటిని తెల్లబరిచే వెండి నైట్రేట్ చుక్కలు వేసి చూస్తే బోరు నీరు వెంటనే పాలలా తెల్లబడింది, మున్సిపల్ కుళాయి నీరు స్వల్పంగా మాత్రమే మసకబారింది. కుళాయి నీళ్లే డ్రమ్ముల్లో పట్టించాము.

ఇక్కడ రెండు కోరికలకు జవాబు చెప్పవలసి వచ్చింది. ఇంటాయన బెల్లం, కరక్కాయ నీళ్లు కలపాలన్నారు. పూర్వపు పనుల్లో అవి వాడారనడంలో సందేహం లేదు, కొన్ని పూతలకు అవి మేలు చేస్తాయి కూడా. కానీ ఈ గోడ గారలో అవి ఉన్నాయనడానికి ఆధారమేదీ దొరకలేదు, ఉప్పు చేరిన తడి గోడలో తీపి పదార్థం బూజుకు దారి తీయవచ్చు కనుక వద్దన్నాను. పెద్ద మేస్త్రీ కోరిక వేరు. "పిడికెడు సిమెంటు వేస్తే తొందరగా బిగుస్తుందండీ" అన్నాడు. పిడికెడు సిమెంటు సున్నానికి బలమివ్వదు సరికదా, తనలోని క్షార లవణాలను గోడకు కొత్తగా చేరుస్తుంది. పెరటి గోడ మీద సిమెంటు కలిపిన మాలుతోనూ, కలపని మాలుతోనూ నమూనా జాయింట్లు వేయించి, ఆరాక రెంటినీ గోటితో, ఉలితో గీకి చూపించిన తర్వాత అతనే ఆ మాట విడిచిపెట్టాడు. ఆ నమూనాల్లో నుంచే రంగు, ముగింపు కూడా ఖాయం చేసుకున్నాము.

అసలు పని సంక్రాంతి తర్వాత మొదలైంది. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికి వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు, తెల్లవారి మంచు సున్నానికి మేలు చేస్తుంది. రోహిణి కార్తె ఎండలో ఈ పని చేస్తే మాలు బిగియకముందే ఎండి పొడైపోతుంది. పరంజా కట్టి పైనుంచి కిందికి దిగుతూ, ఒకేసారి గోడంతా తెరవకుండా, ఒక భాగం నింపి గట్టిపడ్డాకే పక్క భాగాన్ని తెరిచాము.

పాత సిమెంటు తీయడం ఈ పనిలోకెల్లా సున్నితమైన భాగం. కూలీలు అలవాటుగా పట్టుకొచ్చే కటింగ్ మిషన్‌ను మొదటి రోజే పక్కన పెట్టించాను. అడ్డ జాయింటులో అది ఒకవేళ తిన్నగా నడిచినా, ఇటుక ఎత్తు మాత్రమే ఉండే నిలువు జాయింటులో దాని బిళ్ల పైనా కిందా ఉన్న ఇటుకలను కోయకుండా ఆగలేదు. ఆ కోత గోడ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. సిమెంటు గట్టిగా పట్టిన చోట జాయింటు నడిమధ్యన సన్నని డ్రిల్లుతో వరసగా రంధ్రాలు చేసి, జాయింటు కన్నా సన్నని పలక ఉలితో ఆ రంధ్రాల వైపుకే, అంటే ఇటుక అంచు నుంచి మధ్యకు, చిన్న దెబ్బలతో విరిచాము. చాలాచోట్ల వెనక తడి ఉన్నందున సిమెంటు తేలికగానే ఊడింది. లోతు విషయంలో నియమం ఏమిటంటే జాయింటు వెడల్పుకు కనీసం రెండు రెండున్నర రెట్లు లోతు తీయాలి, గట్టి గార తగలకపోతే తగిలే దాకా తీయాలి. ఇక్కడ జాయింటు దాదాపు అర అంగుళం కనుక అంగుళం నుంచి అంగుళంన్నర దాకా, అడుగు వరసల్లో రెండంగుళాల దాకా వెళ్లాము. లోపలి మూల గుండ్రంగా కాకుండా చతురస్రంగా, ఇటుక పక్కలు శుభ్రంగా ఉండాలి. మేస్త్రీ దీన్ని వేలితో తడిమి చూసేవాడు, నేను చిన్న టార్చితో చూసేవాణ్ణి.

తీసిన చోట రాలిన పొడిని, ఇటుక ముఖాల మీది ఉప్పును పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపి, కింద పరిచిన పట్టాలో పోగుచేసి బయట పారేశాము. ఉప్పు కనబడగానే నీళ్లతో కడగాలనిపిస్తుంది, కానీ కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అడుగు వరసలకు ఉప్పును బయటికి పీల్చడానికి కాగితపు గుజ్జు, చైనా క్లే (మెత్తని తెల్ల బంకమన్ను) కలిపి డిస్టిల్డ్ వాటర్‌తో ముద్ద చేసి మందంగా పట్టించి, పూర్తిగా ఎండాక ఒలిచి పారేశాము. ఒలిచిన ముద్దను నీటిలో నానబెట్టి వెండి నైట్రేట్ వేస్తే తెల్లదనం బాగా తగ్గే వరకు మళ్లీ మళ్లీ పట్టించాము. ఉప్పు పూర్తిగా పోదు. కొత్త జాయింటు భరించగలిగేంతకు తగ్గితే చాలు.

నింపే ముందు రోజు సాయంత్రం ఒకసారి, పని మొదలుపెట్టే ముందు మరోసారి జాయింట్లను స్ప్రేయర్‌తో తడిపాము. ఇటుక చల్లగా తడిగా ఉండాలి, మీద నీరు మెరవకూడదు. పొడి ఇటుక మాలులోని నీటిని ఒక్క గుక్కలో లాగేస్తే మాలు అంటుకోదు. మాలు చేతిలో ఉండ కడితే నిలవాలి, వేలికి అంటుకోకూడదు, అంత గట్టిగా కలిపాము. మామూలు తాపీ జాయింటులోకి పోదు కనుక జాయింటు వెడల్పున్న ఇనుప పట్టీతో మాలును లోపలి మూలదాకా తోసి, బలంగా నొక్కాము. లోతైన చోట ఒకేసారి నింపకుండా పావు అంగుళం నుంచి మూడో వంతు అంగుళం మందపు పొరలుగా వేశాము. ఒక పొర మీద బొటనవేలు నొక్కితే గుర్తు మాత్రం పడి మాలు వేలికి రాని స్థితికి వచ్చాకే తర్వాతిది. చివరి పొర ఇటుక ముఖానికి కొంచెం లోపలే ఆగింది. అంచులరిగిన పాత ఇటుకల మీద జాయింటును ముఖానికి సమంగా లాగితే అది అంచుల మీదికి పలుచగా పరుచుకుని, వెడల్పుగా కనబడుతుంది, ఆ పలుచటి అంచు మొదటి వానకే ఊడి నీటికి నోరు తెరుస్తుంది. పై పొర సగం బిగిసిన సమయాన గట్టి కుచ్చు బ్రష్‌తో సూటిగా పొడిచినట్టు కొట్టించాము. దాంతో ఆరేటప్పుడు పడ్డ సన్నని బీటలు మూసుకుంటాయి, ఇసుక రేణువులు బయటపడి గాలి తగిలే తలం పెరుగుతుంది. తాపీతో నున్నగా తిప్పి మెరిపించడం మేస్త్రీలకు గర్వకారణమే అయినా, అలా తిప్పితే సున్నం పైకి తేలి పొరకట్టి, లోపలి సున్నానికి గాలి అందకుండా చేస్తుంది.

నింపిన భాగం ముందు తడి గోనె పట్టాలను గోడకు ఆనకుండా వేలాడదీసి, వారాల తరబడి రోజుకు కొన్నిసార్లు తుంపర చల్లించాము. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయిగా మారాలంటే కొంచెం తడీ, కొంచెం గాలీ రెండూ కావాలి. పూర్తిగా తడిసి ఉన్నా, పూర్తిగా ఎండిపోయినా ఆ మార్పు నిలిచిపోతుంది. కొన్ని వారాల తర్వాత నమూనా జాయింటు ఒకటి విరిచి, విరిగిన ముఖం మీద, ఇంకా మారని సున్నం తగిలితే గులాబీ రంగు తిరిగే ఫినాఫ్తలీన్ ద్రవం చల్లితే బయటి అంచున కొన్ని మిల్లీమీటర్ల మేర రంగు రాలేదు, లోపలంతా ముదురు గులాబీ రంగు తిరిగింది. రంగు రాని మేర సున్నం రాయిగా మారిందన్నమాట. లోపలి భాగం మారడానికి నెలలు పడుతుంది.

పూర్తిగా చితికిన ఇటుకలను, అంటే ముఖం అంగుళానికి మించి పోయినవాటిని, ఒక్కొక్కటిగా తీసి మార్చాము. కొత్త ఇటుకలు ఈ గోడకు గట్టిగా, పెద్దగా ఉండి పనికిరాలేదు. కూల్చిన పాత కట్టడాల నుంచి వచ్చిన ఇటుకలను తెచ్చి, నీటిలో నానబెట్టి, ఆరాక చవుడు తేలుతుందో లేదో చూసి తేలనివే వాడాము. కొద్దిగా మాత్రమే అరిగినవాటిని అలాగే ఉంచాను. అరిగిన ఇటుకకు సిమెంటు పూసి సమం చేయమని అడిగేవాళ్లుంటారు, దానికి మాత్రం ఒప్పుకోకూడదు. లోపలివైపు సుర్కీ కలిపిన సున్నపు పూత వేసి, సున్నం వెల్ల వేయించాము.

ఆ తర్వాతి వానాకాలం ముగిశాక గోడను చూశాను. తూర్పు కొస మచ్చ పూర్తిగా ఆరింది. అడుగున రెండు మూడు వరసల్లో కొత్త జాయింట్ల ముఖం మీద తెల్లటి ఉప్పు తేలింది, ఒకటి రెండు చోట్ల గార పైన కొద్దిగా పొడిబారింది, పక్కనున్న ఇటుకలు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఉప్పు ఇటుకను విడిచి జాయింటు దారి పట్టిందనడానికి అదే గుర్తు. ఇంటివారికి అది చూసి ఆందోళన కలిగితే, ఆ ఉప్పును పొడి బ్రష్‌తో దులపమని, నీళ్లు పోయవద్దని, వాటర్‌ప్రూఫ్ పెయింటు గానీ సిలికాన్ పూత గానీ వేయించవద్దని రాసిచ్చాను. ఆ అడుగు వరసలను కొన్నేళ్లకోసారి మళ్లీ నింపుకోవలసి వస్తుంది. అందుకు సున్నపు ముద్ద ఒక మూత డ్రమ్ములో నీటి కింద నిలవ ఉంచాము, వాడిన ఇసుక నమూనాను, పాళ్లను రాసిన కాగితంతో పాటు ఒక సీసాలో పోసి ఇచ్చాము. ఉత్తరపు గోడకు కూడా ఇదే సిమెంటు పాయింటింగ్ ఉంది. అక్కడ చెమ్మ తక్కువ, ఇటుకలు ఇంకా చెడలేదు, సిమెంటు కూడా గట్టిగా అంటుకుని ఉంది కనుక, దాన్ని ఇప్పుడు పెకలిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. పట్టీలు వాటంతటవే వదులైన చోట మాత్రమే తీసి సున్నంతో నింపాలని, మిగిలినదాన్ని ఏటా సంక్రాంతికి ఒకసారి తట్టి గుల్ల శబ్దం వస్తుందేమో చూడాలని మేస్త్రీకి అప్పగించాము.